ఉప్పు ఎక్కడుంది?



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ పేరు పలకకుండానే మాట్లాడబోతున్నాను. సభలో తన పేరు వినపడితే మాస్టారు కుర్చీలో ఇబ్బందిగా కదిలేవారు. ఆయన ఇప్పుడు లేరని ఆ ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. నిర్వాహకులు నాకిచ్చిన విషయం కూరగాయ పంటలు, ఉప్పు. నాకు తెలిసింది నేల. మొక్క లోపలి సంగతులు పుస్తకాల నుంచి అరువు తెచ్చుకున్నవే, కాబట్టి అక్కడ కాస్త నెమ్మదిగా నడుస్తాను.

విద్యార్థి ఎవరైనా మట్టి పరీక్ష కాగితం పట్టుకుని, ఈ పొలంలో ఉప్పు ఇంత ఉందండీ అని చెబితే మాస్టారు ఆ అంకె కేసి చూసేవారు కాదు. “అది సరే, ఉప్పు ఎక్కడుంది?” అనేవారు. పొలంలోనే సార్ అంటే, “పొలంలో ఎక్కడ? పైనా, కిందా? వేరు దగ్గరా, బోదె నెత్తినా? ఇవాళ ఉన్నచోటే రేపూ ఉంటుందా?” అని వరస కట్టేవారు. అప్పట్లో మాకది తప్పించుకోలేని వేధింపు. తర్వాత ముప్పై ఏళ్లలో నేను చదివిందంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబేనని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆయన మమ్మల్ని మొదట తీసుకెళ్లింది ప్రయోగశాలకు కాదు, వేటపాలెం వైపు ఇసుక నేలల్లోకి. చీరాల నుంచి బాపట్ల దాకా దొరువులు చూసినవాళ్లు ఈ సభలో చాలామందే ఉంటారు. చూడనివాళ్ల కోసం చెబుతాను. ఇసుకలో గరాటులాగా, పైన వెడల్పుగా, కిందికి పోనుపోను సన్నగా తవ్విన గుంట దొరువు. కాసిని అడుగులు దిగితే నీళ్లు. రైతు రెండు చేతుల్లో రెండు కుండలతో దిగి, ముంచుకుని, ఎక్కి, వంగనారుకో మిరపనారుకో పోసి మళ్లీ దిగుతాడు. పొద్దున మొదలుపెడితే ఎండెక్కేదాకా అదే పని. మాస్టారు దొరువులోకి దిగి దోసిట నీళ్లు పట్టి తాగారు, మా చేతా తాగించారు. మంచినీళ్లే. కూతవేటు దూరంలో ఒకాయన లోతుగా బోరు దింపించుకున్నాడు. ఆ నీళ్లు నోట్లో పోసుకోగానే ఉమ్మేశాం. ఒకే ఇసుక, ఒకే సముద్రం, ఒకే వాన.

వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న సముద్రపు నీటి మీద తేలుతుంది. సముద్రపు నీరు మంచినీటికన్నా బరువు, తేడా రెండున్నర శాతమే. ఆ కాస్త తేడా వల్లే, సముద్ర మట్టానికి ఒక మీటరు పైన నిలిచిన మంచినీరు ఆ మట్టానికి 40 మీటర్ల కింది దాకా ఉప్పునీటిని తోసిపెట్టి ఉంచుతుంది. ఇదే లెక్కను తిరగేసి చూడండి. మోటారు పెట్టి మంచినీటి మట్టాన్ని ఒక మీటరు దించితే, ఉప్పునీరు కింది నుంచి 40 మీటర్లు ఎగబాకడానికి వీలు కల్పించినట్టే. ఒక్కరోజులో రాదు, కానీ బోరు కింద రాశి పోసినట్టు పైకి లేచి వస్తుంది. లోతుకు పోతే నీళ్లు ఎక్కువ దొరుకుతాయని మెట్ట రైతు నమ్ముతాడు. ఇక్కడ లోతే ఉప్పు. దొరువు తవ్వినవాడికి ఈ లెక్క తెలియదు, ఫలితం తెలుసు. పైపైన, తక్కువ తక్కువగా, ఎక్కువ చోట్ల తోడుకోవాలి. బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసినవాళ్లు తర్వాత చేసింది ఈ తెలివికి గొట్టాలు తొడగడమే. నీటిమట్టానికి కాస్త కింద చిల్లుల పైపులు అడ్డంగా పరిచి, వాటిని ఒక బావిలోకి కలిపి, అక్కణ్నుంచి మోటారుతో తోడతారు. పాలమీద మీగడ తీసినట్టు. కుండల మోత తప్పింది. మన వ్యవసాయ పరిశోధనలో నేను గర్వంగా చెప్పుకునే పనుల్లో ఇదొకటి, దీనికి రావలసినంత పేరు రాలేదు కూడా.

ఇప్పుడు అంకెల దగ్గరికి వద్దాం. మాస్టారు వాటిని పట్టించుకునేవారు కాదన్నాను గానీ, కంఠతా వచ్చు ఆయనకు. నీటిలో ఉప్పు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత సులువుగా పారుతుంది. ఆ కొలతే ఈసీ. ఈసీ ఒకటి అంటే లీటరు నీటిలో సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలు. సముద్రపు నీటి ఈసీ 50 పైమాటే. 1977లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో ఉన్న అమెరికా ప్రభుత్వ లవణ ప్రయోగశాల నుంచి యూజీన్ మాస్, గ్లెన్ హాఫ్‌మన్ ఒక పట్టిక ప్రచురించారు. ప్రతి పంటకూ రెండే అంకెలు. ఒకటి గడప, అక్కడిదాకా ఉప్పున్నా దిగుబడి తగ్గదు. రెండోది వాలు, గడప దాటాక నేల ఈసీ ఒక్కొక్కటి పెరిగినప్పుడల్లా దిగుబడి ఎంత శాతం పడుతుందో చెబుతుంది. బీన్స్‌కి గడప 1, వాలు 19. ఉల్లికి 1.2, 16. మిరపకు 1.5, 14. టమాటాకు 2.5, సుమారు 10. బీట్‌రూట్ మాత్రం 4 దాకా చలించదు. దాని పూర్వీకులు ఐరోపా సముద్రపు ఒడ్డున మొలిచిన అడవి మొక్కలు. బీన్స్ మధ్య, దక్షిణ అమెరికా కొండల బిడ్డ, ఉప్పుగాలి ఎరగదు. పుట్టింటి అలవాట్లు ఎక్కడికి పోతాయి?

ఒక్క ఉదాహరణతో ఈ అంకెల పస చూపిస్తాను. నేల ఈసీ 4 దాటితే దాన్ని లవణ నేల అనాలని అదే ప్రయోగశాల 1954లో తెచ్చిన చేతిపుస్తకం గీత గీసింది. ఇప్పటికీ మన పాఠాల్లో అదే గీత. ఆ గీత తాకేసరికి బీన్స్ దిగుబడిలో 57 శాతం పోయి ఉంటుంది. అంటే శాస్త్రం దృష్టిలో ఇంకా మంచి నేల, రైతు దృష్టిలో మునిగిన చేను.

ఇంకో వింత. తర్వాతి పట్టికల్లో చేరిన వంకాయకు గడప 1.1 మాత్రమే. టమాటా కన్నా సుకుమారం అని చదివి పక్కన పెట్టేస్తాం. కానీ దాని వాలు 6.9, టమాటా వాలు కన్నా మెత్తన. కూర్చుని లెక్క వేస్తే ఈసీ 5.7 దగ్గర రెండూ సమానమవుతాయి. 8 దగ్గర టమాటా 54 శాతం నష్టపోతే వంకాయ 48. తక్కువ ఉప్పులో టమాటా మేలు, ఎక్కువ ఉప్పులో వంకాయ మేలు. తీరం పొడవునా వంగతోటలు ఎందుకు నిలిచాయో చెప్పడానికి ఇదొక్కటే చాలదు, ధరలూ పురుగులూ వేరే ఉన్నాయి. అయినా ఈ సంగతి రైతుకు చెప్పదగ్గదే.

పట్టికతో రెండు చిక్కులున్నాయి, రెండూ మన దగ్గర రోజూ నష్టం చేస్తున్నవే. మొదటిది, ఆ అంకెలు మట్టిని నీటితో ముద్దగా తడిపి, ఆ ముద్దలోంచి పిండిన నీటిలో కొలిచినవి. మన పరీక్ష కేంద్రాలు సాధారణంగా ఒక వంతు మట్టికి రెండో, రెండున్నరో వంతుల నీళ్లు కలిపి కొలుస్తాయి. పలచన చేసిన మజ్జిగలో ఉప్పు చూసినట్టు. కాగితం మీద 0.8 ఉంటే వేరు చుట్టూ ఉన్నది దానికి కొన్ని రెట్లు. ఇసుకలో ఇంకా ఎక్కువ. 0.8 చూసి, బీన్స్ గడప 1 కదా అని విత్తేసినవాళ్లను నేనెరుగుదును. వాళ్లలో ఒకరు మా బంధువే. సలహా ఇచ్చినవాడు ఎవరో చెప్పి ఈ సభలో నా పరువు తీసుకోను.

రెండో చిక్కు, ఆ ప్రయోగాల్లో ఎక్కువభాగం మొక్క నిలదొక్కుకున్నాకే ఉప్పు ఇచ్చారు. నారుమడి సంగతి పట్టికలో లేదు. పెద్దయ్యాక అంత గట్టిదైన బీట్‌రూట్ మొలకెత్తేటప్పుడు ఉప్పుకు తట్టుకోలేదు. ఉల్లినారు మరీ అన్యాయం. కాబట్టి ఉన్న కాసిని మంచినీళ్లు ఎప్పుడు వాడాలి అంటే నారుకు, నాటిన మొదటి రెండు మూడు వారాలకు. కాయ దశలో కాస్త ఉప్పునీళ్లు పడినా మొక్క ఓర్చుకుంటుంది. మన అలవాటు దీనికి తలకిందులు. మొదట చేతికందిన నీళ్లు పెట్టి, కాయ కనిపించాక ట్యాంకరు తెప్పిస్తాం.

మొక్క లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మాగాయ పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లకు సగం పాఠం వచ్చినట్టే. మామిడి ముక్కల్లో ఉప్పు వేసి మూత పెడితే మూడో రోజుకు ఊట. ముక్కలోని నీళ్లు ఉప్పు ఉన్న వైపుకు నడిచి వచ్చాయి. ఉప్పు నేలలో వేరు పరిస్థితి అదే. చుట్టూ తడి ఉన్నా తాగలేదు. చేను తడిగా ఉండి మొక్క మధ్యాహ్నం తల వేలేసిందంటే రైతు ఇంకో తడి పెడతాడు, అదీ ఉప్పునీళ్లే.

అయితే వేరు మామిడి ముక్క కాదు, బతికున్నది. ఉప్పు తగిలిన నిమిషాల్లోనే ఆకుల ఎదుగుదల ఆగుతుంది, ఆకు రంధ్రాలు ముడుచుకుంటాయి. మొక్క ఇంకా ఉప్పు తినలేదు, దాహానికే బెదిరింది. ఇది మొదటి దశ. రోజులు, వారాలు గడిచాక నీటితో పాటు లోపలికి వచ్చిన సోడియం, క్లోరైడ్ ముదురాకుల్లో పోగుపడి, అంచులు కాలినట్టు ఎండడం రెండో దశ. ఈ రెండు దశలను విడదీసి చూపించిన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రానా మన్స్ చెప్పిన దాంట్లో నాకు నచ్చినది ఒక సాదా లెక్క. కొత్తాకు వచ్చే వేగం ముదురాకు చచ్చే వేగాన్ని మించి ఉన్నంత కాలం మొక్క గెలుస్తున్నట్టే. ముదురాకు పోవడం ఓటమి కాదు, ఉప్పును అక్కడ వదిలించుకోవడం. “ఉప్పు ఎక్కడుంది?” అన్న ప్రశ్న ఇక్కడ మొక్క కూడా వేసుకుంటోందన్నమాట.

ఆకులోపలికి ఇంకా దిగండి. ఒక్కో కణంలో రిక్తిక అని పాఠ్యపుస్తకాలు రాసే నీటి సంచి ఉంటుంది. ముదిరిన కణంలో ఎనభై శాతానికి పైగా చోటు దానిదే. దాని చుట్టూ పలచగా ఉన్న కణద్రవ్యంలోనే బతుకు వ్యవహారమంతా నడుస్తుంది. సోడియం అక్కడ చేరితే పొటాషియం కూర్చోవలసిన పీట మీద కూర్చుని పని చెడగొడుతుంది. అదే సోడియాన్ని రిక్తికలోకి నెట్టి తలుపు వేయగలిగితే అది శత్రువు కాదు, సరుకు. కణం లోపల కూడా ఉప్పదనం పెరిగి నీళ్లు మళ్లీ లోపలికి వస్తాయి. కణద్రవ్యంలో మాత్రం సమతూకం కోసం ప్రోలిన్, గ్లైసిన్ బీటైన్ లాంటివి మొక్క సొంతంగా తయారు చేసుకోవాలి. పాలకూర, బీట్‌రూట్ బీటైన్ చేయడంలో దిట్టలు. వీటికి అయ్యే ఖర్చు తక్కువేం కాదు. బయటి సోడియంతో పని జరుపుకునే దానికన్నా సొంతంగా ప్రోలిన్ చేసుకోవడానికి పది రెట్లకు పైగా శక్తి కావాలని లెక్కలున్నాయి. మన దిగుబడి పోయేది చాలావరకు ఆ పద్దు కిందే. చేను పచ్చగానే ఉంటుంది, చచ్చిపోదు. కాయ చిన్నది, కాత తక్కువ. ఉప్పు చాలాసార్లు కూరగాయ మొక్కను చంపదు, అప్పులపాలు చేస్తుంది.

టమాటా దగ్గర ఈ కథ రక్తి కడుతుంది. చార్లెస్ రిక్ అనే టమాటా పండితుడు గాలపగోస్ దీవుల నుంచి అడవి టమాటాలు తెచ్చాడు. వాటి గింజలు మామూలుగా మొలవడానికి మొరాయించాయి. ఆ దీవుల్లోని పెద్ద తాబేళ్ల కడుపులోంచి బయటపడితే బాగా మొలుస్తాయని 1961లో ఆయన, రాబర్ట్ బౌమన్ రాశారు. (ఈ మాట చెప్పగానే మాస్టారు, మన దగ్గర గింజలు మొలవకపోతే తాబేలు లేకపోవడమే కారణమని రాసుకోకండిరా అనేవారు.) ఆ మొక్కల్లో కొన్ని సముద్రపు ఒడ్డునే పెరుగుతాయి. 1976లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో రష్, ఎప్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు వాటిని మామూలు టమాటాతో పోల్చి చూశారు. అడవిది పూర్తి సముద్రపు నీటంత ఉప్పు ద్రావణంలో ప్రాణం నిలుపుకుంది. మన కూర టమాటా సగం సముద్రానికి మించి తట్టుకోలేదు. ఆశ్చర్యమేమిటంటే, ఆకుల్లో సోడియం ఎక్కువున్నది బతికిన దాంట్లోనే. కూర టమాటా ఉప్పును గుమ్మం దగ్గరే ఆపాలని చూసి అలసిపోయింది. అడవిది రానిచ్చి సర్దుకుంది.

ఆ సర్దుబాటును ఒక జన్యువుతో తెచ్చిపెట్టవచ్చా? 2001లో ఝాంగ్, బ్లమ్‌వాల్డ్ అనే శాస్త్రవేత్తలు ఒక చిన్న ఆవజాతి మొక్క నుంచి, రిక్తికలోకి సోడియం నెట్టే జన్యువును టమాటాకు ఇచ్చారు. సముద్రపు ఉప్పులో మూడో వంతు దాటిన ఉప్పులో ఆ టమాటా పూసి కాసింది. ఆకుల్లో ఉప్పు నిండుగా ఉంది, పండులో లేదు. చదివి మేము గంతులు వేశాం. మాస్టారు మాత్రం “కుండీలో ఉప్పు ఎక్కడుందో వాళ్లకు తెలుసు. పొలంలో?” అన్నారు. ఇన్నేళ్లకూ అది మన సంతలోకి రాలేదు. కుండీలో ఉప్పు అన్ని వైపులా సమానం. పొలంలో వేరు ఒక కొస ఉప్పులో, ఇంకో కొస మంచి తేమలో, వారానికోసారి తారుమారు. పైగా తట్టుకోవడం ఒక జన్యువు పని కాదు, మొక్క మొత్తం సంసారం. నాకు అంతకన్నా నమ్మకమున్నది అంటుకట్టే పద్ధతి మీద. ఉప్పును కిందే ఆపగల వేరు మొక్క మీద మంచి కాయ కాసే రకాన్ని అంటుకడితే కొమ్మకు చేరే సోడియం, క్లోరైడ్ తగ్గి కాపు పెరిగిందని స్పెయిన్‌లో టమాటా మీద చూశారు. గుమ్మడి వేరు మీద దోస, పుచ్చ అంటుకట్టినా ఇదే జరుగుతుంది, గుమ్మడి సోడియాన్ని తన దగ్గరే పట్టి ఉంచుతుంది.

ఉప్పు టమాటాకు మేలు చేసే చోటు ఒకటుంది. కాస్త ఉప్పునీరు తాగిన టమాటా చిన్నదవుతుంది, తియ్యనవుతుంది. సిసిలీలో పాకినో టమాటా పేరు తెచ్చుకున్నది ఆ ఉప్పదనంతోనే. మదనపల్లె మార్కెట్లో బాక్సు లెక్కన తూగే చోట ఆ తీపికి అణా పైసా రాదు. అదే ఉప్పు కాల్షియం పైకి పోకుండా అడ్డుపడి కాయ అడుగు నల్లబడేలా చేస్తుంది. అది తెగులనుకుని మందు కొట్టేవాళ్లకు కొదవ లేదు.

ఇప్పుడు బోదె దగ్గరికి. ఈసీ 2 ఉన్న నీళ్లు ఒక ఎకరం కూరగాయలకు పంటకాలమంతా 400 మిల్లీమీటర్లు పెట్టామనుకోండి. 1,600 ఘనపు మీటర్లు. అందులో ఉప్పు రెండు టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు నలభై. మన చేత్తో మనమే చల్లాం. అవి ఎక్కడికి పోయాయి? చాలులో నీళ్లు పారితే తడి రెండు పక్కల నుంచీ బోదె ఎక్కుతుంది, ఎండకు నడినెత్తిన ఆవిరవుతుంది, ఉప్పు అక్కడ నిలుస్తుంది. బోదె నెత్తిన కనిపించే తెల్ల చార అదే. మనం సరిగ్గా ఆ నెత్తినే నారు నాటుతాం. బోదె భుజం మీదికి, నీటి వైపుకు, జానెడు జరిపి నాటితే అదే పొలం, అదే ఈసీ, మొక్క వేరు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

డ్రిప్పు వచ్చాక ఉప్పు చోటు మారింది. చుక్క పడే చోట నేల శుభ్రం, తడి ఆగే అంచున ఉప్పు వలయం. మొక్క మధ్యలో హాయిగా ఉంటుంది. తొలకరి చినుకులు పడగానే ఇంకేం కావాలని డ్రిప్పు కట్టేస్తాం. ఆ చిన్న వాన అంచున ఉన్న ఉప్పును కరిగించి సరిగ్గా వేరు దగ్గరికి తోస్తుంది. రెండు రోజుల్లో ఆకుల కొసలు మాడతాయి. వాన పడితే చేను బాగుపడాలి గాని మాడడమేమిటని రైతు తల పట్టుకుంటాడు. వాన పడుతున్నప్పుడు డ్రిప్పు ఆపకూడదు, గట్టి వాన పడి ఉప్పు కిందికి దిగేదాకా నడపాలి. వానలో నీళ్లు పెడుతుంటే ఊరు నవ్వుతుంది. నవ్వనీయండి.

చౌడు నేలలో చల్లే జిప్సం గురించి రెండు మాటలు. పాలచౌడు వేరు, కారుచౌడు వేరు. మొదటిదానిలో ఉప్పు ఎక్కువ, దానికి మందు మంచినీరు, ఆ నీరు బయటికి పోయే దారి. రెండోదానిలో సోడియం మట్టి రేణువును పట్టుకుని నీరు దిగకుండా చేస్తుంది, అక్కడే జిప్సం. కర్నాల్‌లో ఉన్న, 1969లో పుట్టిన కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ లెక్కలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చౌడు 2.74 లక్షల హెక్టార్లు, అందులో కారుచౌడే ఎక్కువ. పాలచౌడు మీద, మురుగు కాలువ లేని చోట, సబ్సిడీ జిప్సం చల్లి ఫలితం లేదనడం కడుపునొప్పికి కళ్లజోడు కొన్నట్టు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ వెళ్లిన మాస్టారు తరచూ ఒక మాట చెప్పేవారు. ఇసుకలో పడ్డ సముద్రం మంచి వానలకు దిగిపోతుంది, బంకమట్టిలో పడ్డది పోతూ పోతూ మట్టిని పాడు చేసి పోతుంది. సోడియం నిండిన బంకమట్టి మీద ఒట్టి వాననీరు పడితే మట్టి విడిపోయి సందులన్నీ మూసుకుపోతాయి. కాల్షియం, అంటే జిప్సం, ఇవ్వవలసింది అప్పుడు.

చివరగా ఒక చేను. మాస్టారితో నేను వెళ్లిన ఆఖరి చేను అదే, తీరం వైపు. బీన్స్ వేశారు. గిడసబారి, ఆకులంచులు మాడి ఉంది. వరసల మధ్య మాత్రం కలుపు నిగనిగలాడుతోంది. గంగపాయల కూర, తెలంగాణలో గంగవాయిలి అంటారు. దాని గడప 6.3, బీన్స్‌కి ఆరు రెట్లు. ఆ ఇంటావిడ కలుపు తీస్తూ, గట్టు మీద పారేయకుండా ఒళ్లో వేసుకుంటోంది. మాస్టారు ఒక ఆకు తుంచి నమిలి, “ఏం చేస్తావమ్మా దీన్ని?” అన్నారు.

“పప్పులో వేస్తానండీ. మా చేలోదైతే ఉప్పు కాస్త చూసుకుని వెయ్యాలి, ఆకులోనే ఉంటది” అంది.

మాస్టారు నా వైపు తిరిగి, రాసుకో అన్నారు.